నా బుర్ర వెనక రెండు మిల్లీ ఆంపియర్లు

"ముందురోజు రాత్రి తలస్నానం చేయండి. జుట్టుకి నూనె, జెల్ లాంటివేవీ పెట్టుకోవద్దు. వీలైతే గడ్డం గీసుకుని రండి."

పెళ్లిచూపులకి వెళ్లేవాడికి కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పరేమో. ఈ మెయిల్ పంపింది ఇంగ్లండులో నేను ఎమ్మెస్సీ చదివిన యూనివర్సిటీలోని ఒక ల్యాబ్. లైబ్రరీ మెట్ల దగ్గర ఒక కాగితం అంటించి ఉంటే చూశాను. 18 నుంచి 35 ఏళ్ల వయసున్న, కుడిచేతి వాటం మనుషులు కావాలట. రెండు రోజులు రావాలి, గంటకి 10 పౌండ్ల వోచరు ఇస్తారు. తల వెనక సన్నటి కరెంటు పెట్టి, చేతి కదలికలు నేర్చుకోవడంలో ఏమైనా తేడా వస్తుందేమో చూస్తారట. సైన్సు మీద ప్రేమతో వెళ్లానని చెప్పుకోవచ్చు కానీ, ఆ నెల గది అద్దె కట్టాక నా అకౌంటులో మిగిలింది చూసుకునే వెళ్లాను.

పొరపాటున అమ్మకి ఫోన్లో చెప్పేశాను.

"మెదడుకి కరెంటేంట్రా? అది షాక్ ట్రీట్‌మెంటు కదూ! డబ్బులు చాలకపోతే నాన్నకి చెప్పొచ్చుగా, ఇట్టాంటి పనులెందుకు నీకు?"

కాదమ్మా, అది వేరు ఇది వేరు అని చెప్పడానికి అరగంట పట్టింది. 1938లో రోములో మొదలైన షాక్ చికిత్సలో సుమారు 800 మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపి, కావాలనే ఫిట్స్ తెప్పిస్తారు. ఇప్పుడైతే మత్తుమందు ఇచ్చి చేస్తారు. నాకు పెట్టేది 2 మిల్లీ ఆంపియర్లు, అదీ బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె నుంచి. ఆ కరెంటు న్యూరాన్ల చేత, అంటే మెదడులోని నరాల కణాల చేత, బలవంతంగా సిగ్నల్ పంపించదు. అవి సిగ్నల్ పంపడానికి ఎంత సిద్ధంగా ఉన్నాయో ఆ సంసిద్ధతని కాస్త పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. తలుపు తియ్యదు, గడియ వదులు చేస్తుంది. 2000లో జర్మనీలోని గొట్టింగెన్‌లో నిట్షె, పౌలుస్ అనే ఇద్దరు చేతిని కదిలించే మెదడు భాగం మీద ఇలా పెట్టి చూపించాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఇదంతా విని అమ్మ అన్నది ఒక్కటే మాట: "సరే, ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని వెళ్లు."

వెళ్లగానే కుర్చీలో కూర్చోబెట్టేస్తారనుకున్నాను. ముందు కాగితాలు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా, తలలో లోహపు ముక్కలేమైనా ఉన్నాయా, పేస్‌మేకర్ ఉందా, ఏ మందులు వాడుతున్నావు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, ఇవాళ కాఫీ తాగావా. ఆ తర్వాత చేతివాటం పరీక్ష. ఏ చేత్తో రాస్తావు, ఏ చేత్తో అగ్గిపుల్ల గీస్తావు, చీపురు పట్టుకున్నప్పుడు ఏ చెయ్యి పైన ఉంటుంది. ఈ చివరిదాని దగ్గర ఆగిపోయాను. మన చీపురుకి పై చెయ్యి, కింద చెయ్యి ఏముంటాయి? వంగి ఒక్క చేత్తో ఊడుస్తాం. ఆ సంగతి చెబితే, ప్రయోగం చేస్తున్న పీహెచ్‌డీ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి, ఎలా ఊడుస్తారో చూపించమంది. చూపించాను. ఇద్దరం కలిసి ఆ గడి ఖాళీగా వదిలేశాం.

తర్వాత నా తల వెనక వేలితో తడిమింది. మెడ మీదుగా పైకి వెళ్తుంటే ఒకచోట ఎముక బొడిపెలా తగులుతుంది, మీరూ తడిమి చూసుకోవచ్చు. అక్కణ్నుంచి కుడివైపుకి 3 సెంటీమీటర్లు టేపుతో కొలిచి స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టింది. దాని కింద ఉండేదే చిన్నమెదడు. కొలతలు చకచకా అయిపోయాయి గానీ జుట్టు దగ్గరే పని ఆగింది. చిన్నప్పట్నుంచీ కొబ్బరినూనెతో పెంచిన జుట్టు నాది, ఎంత పాయలు తీసినా మళ్లీ వచ్చి కప్పేస్తోంది. ఉప్పునీళ్లలో ముంచిన అయిదు సెంటీమీటర్ల చదరపు స్పాంజి చర్మానికి ఆనాలి, లేకపోతే పెట్టె "కాంటాక్టు బాలేదు" అని కూతపెడుతుంది. మూడుసార్లు కూసింది. ప్రతిసారీ ఆ అమ్మాయి సిరంజితో ఇంకాస్త ఉప్పునీళ్లు పోసింది, అవి మెడ మీంచి చొక్కాలోకి కారాయి. మెదడుకి కరెంటు అంటే సినిమాల్లో చూపించే వైర్ల కిరీటం ఊహించుకున్నాను. తీరా చూస్తే తడిగుడ్డ తలకి కట్టుకుని జ్వరం వచ్చినవాడిలా కూర్చున్నాను.

రెండో స్పాంజి కుడి బుగ్గ మీద. కరెంటు ఒకచోట లోపలికి వెళ్తే ఇంకోచోట బయటికి రావాలి కదా. బుగ్గలో అక్కడుండే కండరం పేరుకి లాటిన్‌లో "బూర ఊదేవాడు" అని అర్థమట. సన్నాయివాళ్ల బుగ్గలు ఉబ్బుతాయే, అదే కండరం.

కుడిచేత్తో పని చేయిస్తూ కుడివైపే ఎందుకు పెట్టారని అడిగాను. మెదడు ఎడమభాగం కుడిచేతిని నడుపుతుందని బళ్లో చదువుకున్నాం కదా అని. అది పెద్దమెదడు సంగతట. చిన్నమెదడు కుడిభాగం కుడిచేతినే చూసుకుంటుంది. దారిలో నరాలు ఒకసారి అడ్డంగా దాటి, మళ్లీ ఇంకోసారి దాటడంతో లెక్క మొదటికే వస్తుంది. ఇంకో సంగతి విని నమ్మలేదు, తర్వాత వెతికి చూసుకున్నాను. మెదడు మొత్తం బరువులో చిన్నమెదడు పదో వంతే. కానీ 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్కపెడితే, మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటే అందులో 6,900 కోట్లు ఈ చిన్న ముద్దలోనే ఉన్నాయట. పేరు పెట్టినవాళ్లు దానికి కాస్త అన్యాయం చేశారనే చెప్పాలి.

ఆ భాగం దెబ్బతింటే ఏమవుతుందో మొదటి ప్రపంచయుద్ధంలో తల వెనక తూటాలు తగిలిన సైనికుల్ని చూసి గోర్డన్ హోమ్స్ అనే డాక్టరు 1917లో రాశాడు. చెయ్యి చచ్చుబడదు. బలం ఉంటుంది. కానీ కప్పు అందుకోబోతే దాటి వెళ్తుంది, సరిచేసుకోబోతే ఇటు తప్పుతుంది, గమ్యం దగ్గరపడే కొద్దీ వణుకు ఎక్కువవుతుంది. ఆమె ఇది చెబుతుంటే నాకు మా ఊరి దర్జీ గుర్తొచ్చాడు. మా చిన్నప్పుడు స్కూలు నిక్కర్లన్నీ ఆయనే కుట్టేవాడు. తర్వాత తర్వాత సూదిలో దారం ఎక్కించలేకపోయేవాడు, కాళ్లు ఎడంగా వేసి తూలుతూ నడిచేవాడు. "పొద్దున్నే వేసుకొచ్చాడు" అనేవాళ్లు అరుగుల మీద. ఆయన కల్లు కూడా ముట్టలేదని ఆయన భార్య ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. తాగినవాడూ అలా తూలేది మందు చిన్నమెదడు మీద కూడా పనిచేస్తుంది కాబట్టే. చూసినవాళ్ల కళ్లు తప్పు కాదు, నోళ్లే తప్పు. ఆయన జబ్బు ఏమిటో నేను చెప్పలేను గానీ, ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆయన చేతిలో సూదే కళ్లముందు ఆడింది.

ఇక ఆట. నా ముందు తెర, ఒళ్లో టాబ్లెట్ మీద పెన్ను పట్టుకున్న చెయ్యి, ఆ చెయ్యి నాకే కనిపించకుండా పైన ఒక పలక. తెర మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ గడియారం అంకెల్లా ఎనిమిది దిక్కుల్లో ఒక్కోసారి ఒక్కో గుండ్రం వెలుగుతుంది. పెన్నుని మధ్యలోంచి దానిగుండా సర్రున దూసుకుపోనివ్వాలి. ఆగి సరిచూసుకోకూడదు. క్యారమ్స్‌లో స్ట్రైకర్ కొట్టినట్టే అనిపించింది. మా అన్నయ్య మీద ఒక్క ఆట కూడా గెలవని వాణ్ని కాబట్టి, ఇదేదో నాకు అచ్చిరాదనుకున్నాను. మొదట కరెంటు లేకుండా కొన్ని వరసలు కొట్టించింది. బాగానే తగిలాయి.

తర్వాత పెట్టెలో ఒక కోడ్ నంబరు నొక్కింది. ఇచ్చేది నిజం కరెంటో ఉత్తుత్తి కరెంటో ఆమెకీ తెలియదు, పెట్టెకే తెలుసు. ఉత్తుత్తిదైనా మొదట అర నిమిషం పాటు నిజంగానే ఎక్కించి, చప్పుడు చేయకుండా తగ్గించేస్తుంది. చర్మానికి చురుకు తగలాలి, మెదడుకి ఏమీ అందకూడదు, అదీ ఉపాయం. నాకు బుగ్గ మీద చీమలు పాకినట్టయింది, తర్వాత దురద, నాలుక అంచున రాగి చెంబు నాకినట్టు ఒక రుచి. గోకకూడదు. నిమిషం తిరిగేసరికి అవేమీ లేవు. "ఉత్తుత్తిదే" అని అప్పుడే తేల్చేసుకున్నాను. కరెంటు గురించి చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఇంతే.

అసలు సంగతి అప్పుడు మొదలైంది. సూటిగా కొట్టాను, తెర మీద చుక్క ఎడమకి వెళ్లింది. ఇంకోటి కొట్టాను, మళ్లీ ఎడమకే. చెయ్యి జారిందేమో అనుకున్నాను. నాలుగైదు పోయాక అర్థమైంది, కంప్యూటరు నా చేతి దారిని 30 డిగ్రీలు తిప్పి చూపిస్తోంది. నేనూ కాస్త కుడికి కొట్టడం మొదలుపెట్టాను. ఇక్కడి వరకూ తెలివి పని. అక్కడ్నుంచి ఏమైందో నాకు తెలియదు. ఒక అరవయ్యో డెబ్బయ్యో కొట్టాక చుక్క గుండ్రంలోంచే పోతోంది, నేను మాత్రం సూటిగా కొడుతున్నాననే అనుకుంటున్నాను. కుడికి కొట్టాలన్న ఆలోచనే మర్చిపోయాను. కాసేపటికి చెప్పాపెట్టకుండా తిప్పడం ఆపేశారు. అంతే, నా చుక్క కుడికి ఎగిరిపోయింది. చెయ్యి ఇంకా లేని వంకరని సరిచేస్తోంది! పైకే నవ్వేశాను. తిప్పడం ఆగిపోయిందని తెలిసినా వెంటనే మానలేకపోయాను. అది దిగడానికి ఇంకో రెండు మూడు వరసలు పట్టింది.

బయటికి వచ్చేటప్పుడు తలుపు పిడి కోసం చెయ్యి చాపి, తప్పుతుందేమోనని చూశాను. సరిగ్గానే దొరికింది. ఆ వంకర ఆ టాబ్లెట్టుకి, ఆ పెన్నుకి మాత్రమే నేర్చుకుందట నా చెయ్యి. గదికి వెళ్లి అద్దంలో చూసుకుంటే ఉప్పు ఆరి జుట్టు తెల్లగా పేలాలు అంటుకున్నట్టుంది.

మర్నాడు కరెంటు లేదు, అదే ఆట. ఈసారి పది పన్నెండు కొట్టేసరికే చెయ్యి దారికొచ్చింది. నిన్నటి కరెంటు మహిమా అని అడిగితే కాదంది. ఒకసారి నేర్చుకున్నదాన్ని రెండోసారి ఎవరైనా వేగంగానే నేర్చుకుంటారు. అందుకే ఒకే మనిషికి నిజం, ఉత్తుత్తి రెండూ పెట్టి పోల్చకుండా, వేరువేరు మనుషులకి పెడతారు.

నాకు అన్నిటికన్నా వింతగా తోచింది దీనికి బయట జరిగింది. పై వారం ఇంకో చిన్న ప్రయోగానికి రమ్మంటే వెళ్లాను. కరెంటూ లేదు, స్పాంజీ లేదు. ఈసారి 45 డిగ్రీలు తిప్పుతామని ముందే చెప్పేశారు. ఉపాయం కూడా వాళ్లే చెప్పారు. వెలిగిన గుండ్రానికి కొట్టొద్దు, దాని కుడిపక్కన ఉన్న గుర్తుకి కొట్టు, చుక్క తనే తిరిగి గుండ్రంలో పడుతుంది. ఇంకేం, మొదటి దెబ్బలన్నీ నడిమధ్యలో తగిలాయి. అన్నయ్య చూసి ఉంటే బాగుండేదనిపించింది. ఇరవయ్యో ఎన్నో అయ్యాక ఒకటి కొంచెం కుడికి జరిగింది. తర్వాతది ఇంకొంచెం. నేను ఒట్టేసి చెబుతాను, అదే గుర్తుకి కొడుతున్నాను. జాగ్రత్తగా, పళ్లు బిగించి కొడుతున్నాను. ఎంత జాగ్రత్త పడితే అంతగా పక్కకి పోతోంది. తప్పు ఎక్కడుందో తెలుసు, మందు కూడా తెలుసు, చెయ్యి వినడం లేదు.

ఆమె తర్వాత విడమర్చి చెప్పింది. గుండ్రానికి తగిలిందా లేదా అన్నది నా గొడవ. చిన్నమెదడుకి ఆ గొడవ పట్టదు. "నువ్వు ఫలానా గుర్తుకి గురిపెట్టావు, చుక్క అక్కడికి రాలేదు, కాబట్టి తప్పు జరిగింది" అన్నదే దాని లెక్క. నేను ఉపాయంతో గెలుస్తుంటే, అది నా వెనకనుంచి, లేని తప్పుని నమ్మకంగా దిద్దుకుంటూ పోయింది. నాతో సంప్రదించే అలవాటు దానికి లేదు. మత్సోని, క్రకౌవర్ అనే ఇద్దరు న్యూయార్కులో దీన్ని 2006లోనే చూపించారు. ఆ తర్వాత 2010లో టేలర్, ఐవ్రీ వాళ్లు ఇదే ఆటని చిన్నమెదడు జబ్బున్నవాళ్ల చేత ఆడించారు. వాళ్లు మనలా పక్కకి కొట్టుకుపోలేదు. చెప్పిన ఉపాయాన్ని మనకన్నా బాగా పట్టుకుని నిలబడ్డారు, వెనకనుంచి చెయ్యి పట్టి లాగేది వాళ్లలో అంత బలంగా లేదు కాబట్టి. ఇది విని చాలాసేపు ఏమీ అడగలేదు. మా దర్జీని ఈ ఆటకి కూర్చోబెడితే నన్ను ఓడించేవాడేమో.

ఇంతకీ కరెంటు ఏం చేస్తుంది? 2011లో గలేయా, సెల్నిక్ మొదలైనవాళ్లు అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో చేసిన ప్రయోగం ఈ రంగంలో అందరి నోటా ఉండేదట. చిన్నమెదడు మీద పాజిటివ్ కొన పెడితే 30 డిగ్రీల వంకరని వేగంగా నేర్చుకున్నారు, చేతిని కదిలించే పెద్దమెదడు భాగం మీద పెడితే నేర్చుకున్నది ఎక్కువసేపు నిలిచింది. నేర్చుకునే చోటు ఒకటి, దాచుకునే చోటు ఇంకొకటి అన్నమాట. చదవడానికి ఎంత ముచ్చటగా ఉందో. అదే గలేయా బర్మింగ్‌హామ్‌లో జలాలీ, మయల్‌లతో కలిసి 2017లో ఇంకో పత్రం వేశాడు. ప్రయోగాన్ని రకరకాలుగా మార్చి మార్చి చేసి చూస్తే, నిలకడగా వచ్చే ఫలితం లేదు అని. తను ముందు చూపించిన దానికి ఎదురొచ్చే ఫలితాన్ని దాచకుండా అచ్చువేయడం నాకు నచ్చింది. మన దగ్గర పెద్దమనుషులు ముప్పై ఏళ్ల కిందట అన్న మాట తప్పని తెలిసినా దిగరు. పైగా తల పైనుంచి పెట్టిన కరెంటులో సగానికి పైగా చర్మం, పుర్రెలోనే చుట్టుతిరిగి పోతుంది. మిగిలింది ఎవరి బుర్రలో ఎటు వెళ్తుందన్నది పుర్రె మందాన్ని, తల ఆకారాన్ని బట్టి మారిపోతుంది.

నా రూమ్మేటుకి ఇదేమీ ఎక్కలేదు. వాడు అప్పటికి డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు ఫెయిలయ్యాడు. "బావా, నాకూ ఒక స్పాంజి పెట్టించరా" అని వారం రోజులు వెంటపడ్డాడు, ఆన్‌లైన్‌లో ఇలాంటి పెట్టెలు అమ్ముతున్నారని లింకులు పంపాడు. కొనొద్దని గట్టిగా చెప్పాను. స్పాంజి ఆరిపోతే చర్మం కాలుతుంది, ఎక్కడ పెడుతున్నామో కొలిచేవాళ్లు ఉండరు, అన్నీ సరిగ్గా చేసినా ఫలితం ఇలా ఉంది. మూడోసారి టెస్టులో పాసయ్యాడు, స్పాంజి లేకుండానే.

ఆర్నెల్ల తర్వాత, నేను ఆ ఊరు వదిలేశాక, ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. కోడ్‌లు విప్పారు. నాకు పెట్టింది ఉత్తుత్తి కాదు, నిజం కరెంటే. నిజం తీసుకున్నవాళ్లకీ ఉత్తుత్తి తీసుకున్నవాళ్లకీ నేర్చుకునే వేగంలో తేడా కనిపించలేదు. నేను అడిగానని నా గ్రాఫు విడిగా జతచేసింది. నిజం కరెంటు తీసుకుని కూడా రెండు గుంపుల సగటు కన్నా మెల్లిగా నేర్చుకున్నాను. కింద ఒక చిన్న మాట కూడా రాసింది: "కరెంటు పెట్టక ముందు వరసల్లోనే మీ చెయ్యి ఎప్పుడూ 2 డిగ్రీలు ఎడమకి లాగుతోంది. చాలామందికి ఏదో ఒక వైపు ఉంటుంది, కంగారుపడకండి."

ఆ గ్రాఫుని అన్నయ్యకి వాట్సాప్‌లో పంపాను. అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది.

"నీ స్ట్రైకర్ ఎడమకి పోతుందని నేను నాలుగో క్లాసులోనే చెప్పాను కదరా. రెండు కాదు, అయిదు డిగ్రీలు. వాళ్ల మిషన్ సరిచూసుకోమను."